ఆయ్ అంటే అవునేనా?

అమెరికాలో చాలా లా కాలేజీల్లో 'లాయర్ల కోసం స్పానిష్' అని ఒక కోర్సు ఉంటుంది. మామూలు స్పానిష్ కాస్తో కూస్తో వచ్చినవాళ్ళు అందులో చేరతారు. జామీను, వాయిదా, భరణం, అద్దె ఒప్పందం, దేశం నుంచి పంపించెయ్యడం, ఇలాంటి మాటల్ని ఆ భాషలో ఏమంటారో నేర్చుకుంటారు. ఎదురుగా క్లయింటు కూర్చున్నట్టు అనుకుని ప్రశ్నలు అడగడం సాధన చేస్తారు. ఆ దేశంలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్ళు నాలుగు కోట్లకు పైనే ఉన్నారు కాబట్టి ఇది బతుకుతెరువుకీ పనికొచ్చే చదువే. అక్కడ లా చదువుతున్న మన తెలుగు పిల్లలు కూడా, ఇంట్లో తెలుగు అంతంత మాత్రంగా వచ్చినా, ఈ స్పానిష్ కష్టపడి నేర్చుకుంటూ ఉంటారు.

పెద్దాపురం కోర్టు దగ్గర టీ తాగుతూ ఈ కోర్సు సంగతి చెబితే వినేవాళ్ళు నవ్వుతారు. మనకేం ఖర్మండీ, మన పార్టీలు మన తెలుగే మాట్లాడతారు కదా అంటారు. దివిలి నుంచో కట్టమూరు నుంచో వచ్చిన రైతుకీ, నల్లకోటు వేసుకున్న ప్లీడరు గారికీ మధ్య దుబాసీ అక్కర్లేదు. ఇద్దరిదీ ఒకే భాష, ఒకే యాస, చాలాసార్లు ఒకే ఊరు. ఆ నవ్వు ఎంతవరకు న్యాయమో చూద్దామనే ఈ వ్యాసం.

లాయరు తన పార్టీకి ఏమేం బాకీ ఉంటాడు? చట్టం తెలిసుండటం, వాయిదాకి హాజరవడం, అవతలివాళ్ళకి అమ్ముడుపోకుండా ఉండటం. ఇవి అందరూ ఒప్పుకునేవే. పార్టీ మాట్లాడే భాష కూడా ఆ బాకీలో ఒక పద్దా? లేక అది మంచితనమా, ఉంటే మేలు, లేకపోతే తప్పు లేదు అనుకోదగ్గదా?

అమెరికా కోర్టులు ఈ ప్రశ్నని ఎదుర్కొన్న కేసుల్లో నెగ్రోన్ కేసు ముఖ్యమైంది. ప్యూర్టోరికో నుంచి న్యూయార్క్ రాష్ట్రానికి కూలిపనికి వచ్చిన కుర్రవాడు నెగ్రోన్. తోటి పనివాణ్ణి చంపాడని 1967లో అతనికి శిక్ష పడింది. అతనికి ఇంగ్లీషు రాదు. అతని లాయరుకి స్పానిష్ రాదు. ప్రాసిక్యూషన్ సాక్షులు 14 మందిలో 12 మంది ఇంగ్లీషులోనే సాక్ష్యం చెప్పారు. స్పానిష్‌లో చెప్పినవాళ్ళ మాటల్ని మాత్రం జడ్జికీ జ్యూరీకీ ఎప్పటికప్పుడు ఇంగ్లీషులో వినిపించారు. ఇంగ్లీషులో చెప్పింది నెగ్రోన్‌కి వినిపించినవాళ్ళు లేరు. విరామంలో దుబాసీ వచ్చి కాసేపు టూకీగా చెప్పి వెళ్ళింది, అంతే. 1970లో అప్పీలు కోర్టు ఆ విచారణ రాజ్యాంగం ప్రకారం చెల్లదని తీర్పిచ్చింది.

ఈ కేసులో నాకు గట్టిగా తగిలే సంగతి అనువాదం లేకపోవడం కాదు. అనువాదం ఉంది. కాకపోతే అది ఒకవైపే నడిచింది. కోర్టుకి నెగ్రోన్ మాట అర్థమయ్యే ఏర్పాటు జరిగింది. నెగ్రోన్‌కి కోర్టు మాట అర్థమయ్యే ఏర్పాటు జరగలేదు. మనిషి బోనులో కూర్చునే ఉన్నాడు, అతని బతుకు గురించే మాట్లాడుతున్నారు, అందులో తప్పుంటే 'అది అలా జరగలేదు' అనడానికి మాత్రం అతనికి దారి లేదు.

ఆ తర్వాత 1978లో ఫెడరల్ కోర్టుల్లో దుబాసీలని పెట్టాలని చట్టం వచ్చింది. 2021లో అమెరికన్ బార్ అసోసియేషన్ ఒక అభిప్రాయ పత్రం ఇచ్చింది. లాయరుకీ క్లయింటుకీ మాట కలవకపోతే కలిపే బాధ్యత లాయరుదేనని, అర్హత ఉన్న దుబాసీని పెట్టుకోవాలని, చుట్టాలనీ స్నేహితులనీ ఆ పనికి కూర్చోబెట్టడంలో జాగ్రత్త అవసరమని దాని సారాంశం. మన సుప్రీం కోర్టు కూడా ఇలాంటి మాటే 1962లో హరికిషన్ కేసులో అంది. ముందస్తు నిర్బంధంలో ఉన్న, ఇంగ్లీషు రాని మనిషికి కారణాలు ఇంగ్లీషు కాగితం మీద ఇచ్చి, నోటితో వివరించాంలే అంటే సరిపోదని, అతనికి తెలిసిన భాషలో రాసివ్వాలని చెప్పింది.

కాబట్టి పేచీ ఎక్కడంటే, భాష బాకీయే. దాన్ని దుబాసీ ద్వారా తీర్చినా సరే, లాయరు స్వయంగా నేర్చుకుని తీర్చినా సరే. ఇంతవరకు తేలిపోయినట్టే ఉంది. కానీ పెద్దాపురం వచ్చేసరికి మళ్ళీ చిక్కుముడి పడుతుంది. ఇక్కడ లాయరుకి ఆ భాష పుట్టుకతోనే వచ్చు. మరి బాకీ తీరిందా?

పార్టీ తన కథ తెలుగులో చెబుతాడు. పుంత ఎక్కడుంది, గట్టు ఎవరు నరికారు, ఆ రోజు ఎవరు ముందు నోరు జారారు, అన్నీ వరసగా చెబుతాడు. ప్లీడరు గారు వింటారు, గుమస్తాకి ఇంగ్లీషులో చెబుతారు, కాగితం టైపై వస్తుంది. అఫిడవిట్ చివర ఒక వాక్యం ఉంటుంది: ఇందులోని విషయాలు తెలుగులో చదివి వినిపించగా అర్థం చేసుకుని నిజమని ఒప్పుకున్నారని. దాని కింద సంతకమో వేలిముద్రో పడుతుంది. ఆ వాక్యం మాత్రం పార్టీకి ఎవరూ చదివి వినిపించరు. 'ఇక్కడ పెట్టండి, ఇక్కడ కూడా' అంటే పెట్టేస్తాడు. అందరూ ఇలా చేస్తారని అనను. ఓపిగ్గా పేరా పేరా చెప్పే ప్లీడర్లూ ఉన్నారు. కానీ ఆ వాక్యం అచ్చులో ముందే సిద్ధంగా ఉండటమే చిక్కు. పని చేసినా చెయ్యకపోయినా కాగితం మీద చేసినట్టే ఉంటుంది.

సాక్ష్యం దగ్గర ఇది ఇంకా తెలుస్తుంది. సాక్షి తెలుగులో చెబుతాడు, రికార్డు చాలాసార్లు ఇంగ్లీషులో తయారవుతుంది. మన చుట్టరికాలే తీసుకోండి. వదిన, మరదలు, తోడికోడలు, ఆడపడుచు, నలుగురూ ఇంగ్లీషులో 'సిస్టర్ ఇన్ లా' అయిపోతారు. 498ఎ కేసులో 'మా ఆడపడుచు అంది' అనేదానికీ 'మా తోడికోడలు అంది' అనేదానికీ ఎంత తేడా ఉందో తెలుగు ఇంట్లో పెరిగిన ప్రతివాళ్ళకీ తెలుసు. ఒకరు ఆ ఇంటి బిడ్డ, ఒకరు తనలాగే ఆ ఇంటికి వచ్చిన కోడలు. పేరు రాస్తే మనిషి దొరుకుతుందేమో గానీ ఆ మాటకున్న బరువు దొరకదు.

క్రాస్‌లో సాక్షి నోటి నుంచి వచ్చేది చాలాసార్లు ఒకటే మాట: 'కాదండి.' రికార్డులో మాత్రం, నేను ఫలానా రోజు ఫలానా చోట లేనని, కక్షతో అబద్ధం చెబుతున్నానని అనడం నిజం కాదు అంటూ మూడు లైన్ల ఇంగ్లీషు వాక్యం సాక్షి తనంతట తాను చెప్పినట్టు ఉంటుంది. వ్యతిరేకం మీద వ్యతిరేకం పడితే మరీ చిక్కు. 'మీరు ఆ రోజు సంతకం పెట్టలేదు కదా?' అని అడిగితే మనం 'అవునండి' అంటాం, పెట్టలేదని మన అర్థం. అదే జవాబుని ఇంగ్లీషులో 'ఎస్' అని రాస్తే పెట్టానని అర్థం చేసుకునేవాడూ ఉంటాడు, పెట్టలేదని అనుకునేవాడూ ఉంటాడు.

ఇక మన గోదావరి జిల్లాల 'ఆయ్' ఉంది. ఆయ్ అంటే అవును. నిజమే. కానీ ఆయ్ అంటే వింటున్నానండి అని కూడా. చెప్పండి, మీ మాట నా చెవిన పడుతోంది, మీ మీద నాకు గౌరవం ఉంది అని కూడా. పెద్దమనిషి మాట్లాడుతుంటే వాక్యం వాక్యానికీ ఆయ్ అంటారు. అది ఒప్పుకోలు కాదు, మర్యాద. బోనులో నిలబడి, పైన జడ్జి గారు, ఎదురుగా నల్లకోటు, గొంతు పెంచి అడిగే ప్రశ్న. మనిషి నోటి నుంచి వచ్చే మొదటి శబ్దం ఆయ్. అది రికార్డులోకి 'నిజమే' అని ఎక్కితే తప్పెవరిది? అబద్ధం ఆడినవాళ్ళు లేరు. తప్పుగా అనువదించారనీ అనలేం. నిఘంటువులో ఆ అర్థం ఉంది.

ఇది మన ఒక్కళ్ళ గొడవ కాదు. మెక్సికో స్పానిష్‌లో ఎవరైనా పిలిస్తే, లేదా మాట సరిగ్గా వినబడకపోతే, మర్యాదగా 'మాందె' అంటారు. మాటకి మాట చూస్తే 'ఆజ్ఞాపించండి' అని. వాడుకలో 'ఏమన్నారండీ?' అని మాత్రమే. అంతకంటే ముఖ్యమైంది 'సె మె కయో' అనే మాట. లూనా ఫిలిపోవిచ్ అనే భాషాశాస్త్రవేత్త క్యాలిఫోర్నియాలో పోలీసు విచారణల అనువాదాలు పరిశీలించి దీని గురించి రాశారు. ఆ మాటకి అర్థం దాదాపుగా 'నా చేతిలోంచి పడిపోయింది' అని. దాన్ని ఇంగ్లీషులో 'పడేశాను' అనే అర్థం వచ్చేలా పెట్టారు. తెలుగువాడికి ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. జారిపోయింది వేరు, జారవిడిచాను వేరు. పగిలిపోయింది వేరు, పగలగొట్టాను వేరు. చేసినవాడికీ జరిగినదానికీ మధ్య ఎంత దూరం ఉందో మన క్రియాపదమే చెప్పేస్తుంది. ఇంగ్లీషు ఆ దూరాన్ని చెరిపేస్తే ప్రమాదం కాస్తా నేరమవుతుంది.

ఇలాంటివి చూశాక, ప్రతి లాయరూ తన పార్టీ భాష నేర్చుకుని తీరాలి అని ముగించేస్తే బాగానే ఉంటుంది. కానీ ఎదురు వాదనలు మూడు ఉన్నాయి, మూడూ తీసిపారేసేవి కావు.

మొదటిది, అరకొర భాష అసలు రాకపోవడం కంటే ప్రమాదం. ఏమీ రాని లాయరు దుబాసీని పెట్టుకుంటాడు. రెండు సెమిస్టర్లు స్పానిష్ చదివినవాడు నాకు వచ్చులే అనుకుంటాడు. క్లయింటు కూడా, పాపం మన భాషలో కష్టపడుతున్నాడు కదా అని మొహమాటపడి, అర్థం కాకపోయినా తలూపుతాడు. లాయరు నేర్చుకున్న భాష అక్కడ క్లయింటుకి మేలు చెయ్యలేదు, లాయరుకి తృప్తినిచ్చింది.

రెండోది, భాష నేర్చుకోవడం దానంతట అది పుణ్యమేమీ కాదు. కుంఫిణీ వాళ్ళు మద్రాసులో 1812లో ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ పెట్టి తమ కుర్ర ఉద్యోగులకి తెలుగు, తమిళం వగైరా నేర్పించింది రైతుల మీద ప్రేమతో కాదు. మధ్యలో ఉన్న మున్షీల మీదా దుబాసీల మీదా ఆధారపడకుండా పరిపాలన చెయ్యడానికి. అలా వచ్చినవాడే సి. పి. బ్రౌన్. కడప, మచిలీపట్నం, రాజమండ్రి కచ్చేరీల్లో పనిచేస్తూ తెలుగులో మునిగి, 1852 నాటికి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. కచ్చేరీల్లో తిరిగే పారసీ, ఉర్దూ, ఇంగ్లీషు మాటలకి విడిగా మిశ్రభాషా నిఘంటువు కూడా కూర్చాడు. వకీలు, దావా, జప్తు, నకలు, రాజీ, హాజరు, ఇవన్నీ మన భాషలోకి రైతు తెచ్చుకున్నవి కావు, కచ్చేరీ తెచ్చిపెట్టినవి. బ్రౌన్ ప్రేమ నిజమైందే, మనం రుణపడిందీ నిజమే. అయినా ఆ చదువు ఏర్పాటైంది శిస్తు కోసం, తీర్పు కోసం. ఇవాళ అమెరికాలో స్పానిష్ నేర్చుకునేవాళ్ళలో లాయర్లతో పాటు పోలీసులూ, సరిహద్దు గస్తీవాళ్ళూ ఉన్నారు. భాష ఒకటే, అవసరం వేరు.

పైగా భాష రావడమే అనర్హత అయిన సందర్భమూ ఉంది. న్యూయార్క్‌లో హెర్నాండెజ్ కేసులో ప్రాసిక్యూటరు స్పానిష్ వచ్చిన జ్యూరీ అభ్యర్థుల్ని పక్కన పెట్టాడు. సాక్షి స్పానిష్‌లో చెప్పేది వాళ్ళు చెవులారా వింటారు, కోర్టు దుబాసీ ఇచ్చిన అనువాదానికే కట్టుబడతారో లేదో నమ్మకం లేదన్నాడు. 1991లో సుప్రీం కోర్టు దాన్ని సమర్థించింది. సాక్షి మాట నేరుగా అర్థమయ్యేవాళ్ళు తీర్పు చెప్పే చోట ఉండకుండా పోయారు. అధికారికమైన మాటకీ అసలు మాటకీ తగువు వస్తే వ్యవస్థ ఎటు మొగ్గుతుందో ఇంతకంటే వివరంగా చెప్పలేం.

మూడో వాదన మన ఇంటిదే. ఇంగ్లీషు లేకపోతే ఎలా? రాజ్యాంగంలో 348వ అధికరణం సుప్రీం కోర్టుకీ హైకోర్టులకీ ఇంగ్లీషే పెట్టింది. కింది కోర్టు రికార్డు రేపు అమరావతిలో హైకోర్టుకి వెళ్తుంది, అక్కడ వేరే రాష్ట్రం నుంచి బదిలీ మీద వచ్చిన న్యాయమూర్తి ఉండొచ్చు. తెలుగుని అధికార భాష చేస్తూ 1966లోనే చట్టం చేసుకున్నాం. కానీ చట్టపు తెలుగు పేరుతో మనం తయారుచేసిన గెజిట్ తెలుగు చదివితే ఆ రైతుకి ఇంగ్లీషే నయమనిపిస్తుంది. అందుచేత కాగితాలన్నీ తెలుగులో ఉంటే చాలు అనడం కూడా కథని కంచికి పంపెయ్యడమే. లిపి మారినంత మాత్రాన మాట పార్టీకి చేరదు.

ఈ మూడు వాదనల్నీ ఒప్పుకున్నాక ఇంకా ఏం మిగిలింది? నా ఉద్దేశంలో మిగిలింది చిన్నదే గానీ గట్టిది. లాయరుకి భాష ఎంత వచ్చు అన్నది కొలత కాదు. ఆ గదిలో కూర్చున్న పార్టీ, రాసిన కాగితం విని, 'నేనలా అనలేదండి' అని అడ్డుపడగలడా, పడితే ఆ మాట ఎక్కడైనా నమోదవుతుందా అన్నది కొలత. నెగ్రోన్‌కి లేనిది సరిగ్గా అదే. అరకొర స్పానిష్ లాయరు ముందు తలూపిన క్లయింటుకి లేనిదీ అదే. వేలిముద్ర వేసి వెళ్ళిపోయిన మన రైతుకి లేనిదీ అదే.

విచిత్రం ఏమిటంటే మన చట్టానికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 278వ సెక్షన్ ఉంది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సంహితలో అదే 313వ సెక్షన్. సాక్ష్యం పూర్తయ్యాక దాన్ని సాక్షికి చదివి వినిపించాలి. అవసరమైతే సరిదిద్దాలి. రికార్డు వేరే భాషలో ఉంటే సాక్షికి తెలిసిన భాషలో చెప్పాలి. సాక్షి ఏదైనా మాట తప్పంటే జడ్జి దాన్ని సరిదిద్దొచ్చు, లేదా ఫలానా అభ్యంతరం చెప్పాడని విడిగా రాసుకోవచ్చు. అంటే 'నేనలా అనలేదండి' అన్న మాటకి చట్టంలో ఒక చోటు కేటాయించి ఉంది. అంతకుముందున్న కోడ్‌లో ఇది 360వ సెక్షన్. 1927లో బర్మా నుంచి వెళ్ళిన అబ్దుల్ రహమాన్ కేసులో ప్రివీ కౌన్సిల్ దీని ఉద్దేశం గురించి మాట్లాడింది. సాక్షి నిజంగా చెప్పదలచుకున్నది సరిగ్గా రికార్డు కావడానికి, రాసుకున్నదాన్ని దిద్దుకునే అవకాశం సాక్షికి ఇవ్వడానికి ఆ సెక్షన్ ఉందని చెప్పింది. చెప్పి, అలా చదివి వినిపించే పద్ధతిలో లోపం జరిగినా, దానివల్ల న్యాయానికి భంగం కలగకపోతే విచారణ చెల్లుతుందని కూడా చెప్పింది. హక్కుని గుర్తిస్తూనే దాన్ని దాటిపోయినా పరవాలేదనడం అన్నమాట. కేసులు గుట్టలుగా పడున్న కోర్టులో చదివి వినిపించడానికి వ్యవధి ఎక్కడిది అని ఎవరైనా అడగొచ్చు. ఆ వ్యవధి ఎవరి వాటాలోంచి మిగిల్చుకుంటున్నామో కూడా అడగాలి కదా.

మనకి స్పానిష్ క్లయింటు లేడు అన్న నవ్వు దగ్గరికి ఇప్పుడు రావచ్చు. ఉన్నాడు. పెద్దాపురం నుంచి జగ్గంపేట, గోకవరం దాటితే రంపచోడవరం ఏజెన్సీ. ఇంకా పైకి వెళ్తే చింతూరు, కూనవరం. 2014లో పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రలో కలిపిన మండలాలు. అక్కడ కోయ మాట్లాడే ఊళ్ళున్నాయి, 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ గొడవలకి భయపడి అడవి దాటి వచ్చిన గుత్తికోయల గుడిసెలున్నాయి. వాళ్ళ మీద అటవీ కేసులుంటాయి, భూమి తగాదాలుంటాయి. వాళ్ళకి తెలుగు మన రైతుకి ఇంగ్లీషు లాంటిది. ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో కోయ లేదు, గోండీ లేదు. 'లాయర్ల కోసం కోయ' అనే కోర్సు నాకు తెలిసి ఎక్కడా లేదు. ఆ క్లయింటు ఎదుట మన తెలుగే కోర్టు భాష, మన తెలుగు లాయరే ఇంగ్లీషు దొర. భాష విషయంలో ఎప్పుడూ మనమే బాధితులం అనుకునే అలవాటుకి ఇది మంచి మందు.

ఆ కోయ పిల్లవాడి కేసు తీసుకున్న లాయరు కోయలో పండితుడు కావాలని నేనేం అనను. అతని చేత అయ్యే పని కాదు. కానీ రెండు పనులు చెయ్యొచ్చు. తనకి రాదని ఒప్పుకుని, పోలీసులు తెచ్చిన మనిషిని కాకుండా, ఆ పిల్లవాడు నమ్మే దుబాసీని వెతకొచ్చు. రాసిందంతా అయ్యాక 'అర్థమైందా?' అని అడగకుండా 'మనం ఏం రాశామో ఇప్పుడు నువ్వు నాకు చెప్పు' అని అడగొచ్చు. అర్థమైందా అన్నదానికి లోకంలో ఏ భాషలోనైనా జవాబు ఆయ్ అనే. రెండో ప్రశ్నకి మాత్రం ఆయ్ అంటే కుదరదు. మనిషి నోరు తెరిచి తన మాటల్లో చెప్పాలి. చెప్పేటప్పుడు కాగితానికీ కథకీ ఎక్కడ పొంతన కుదరలేదో బయటపడుతుంది.

ఈ ప్రశ్న వెయ్యడానికి స్పానిష్ రానక్కర్లేదు, కోర్సులో చేరనక్కర్లేదు, చట్టం మారనక్కర్లేదు. పెద్దాపురంలో తెలుగు పార్టీకి తెలుగు ప్లీడరు ఇవాళ సాయంత్రమే వెయ్యొచ్చు. ఓ పావుగంట పడుతుంది. 'కాదండీ, గట్టు నరికింది ఆయన కాదు, ఆయన పాలేరు' అని పార్టీ అంటే, టైపు చేసిన కాగితం చింపి మళ్ళీ కొట్టించాలి. గుమస్తా విసుక్కుంటాడు.